ఐదో నెలలో కుట్టు వేయించుకోవాల్సి వచ్చినవాళ్ల కోసం: సూర్యారావుపేటలోని ఈ ప్రసూతి ఆసుపత్రి గురించి

మొదటి గర్భం ఐదో నెలలోనో ఆరో నెలలోనో పోయి, మళ్లీ నెల తప్పి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని డాక్టరు కోసం వెతుక్కుంటున్న వాళ్ల కోసం ఈ రివ్యూ. మామూలు కాన్పుకైతే విజయవాడలో ఆసుపత్రులకి కొదవ లేదు. ఏలూరు రోడ్డు మీంచి సూర్యారావుపేటలోకి తిరిగితే ప్రతి మేడకీ ఒక డాక్టరు బోర్డు కనిపిస్తుంది. గర్భసంచి ముఖద్వారానికి బిగువు తక్కువై, నెలలు నిండకుండానే అది తెరుచుకుపోయి, కుట్టు వేసి దాన్ని బిగించాల్సి వచ్చే వాళ్లకి మాత్రం ఏ బోర్డు చూసి లోపలికి వెళ్లాలో తెలియదు. నాకూ తెలియలేదు. తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు మా పాప నా ఒళ్లో ఉంది. ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను.

మాది కృష్ణలంక. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, పెళ్లిళ్ల సీజన్‌లో మగ్గం వర్క్ కూడా చేస్తాను. మొదటిసారి నాకు నొప్పులన్నవే రాలేదు. నడుము లాగుతోంది, తెల్లబట్ట ఎక్కువైంది, కింద బరువుగా ఉంది అని చెబితే, అప్పట్లో చూపించుకున్న చోట వేడి చేసింది, మజ్జిగ తాగు అన్నారు. ఆ వారంలోనే ఉమ్మనీటి సంచి కిందికి జారి పగిలిపోయింది. బిడ్డ దక్కలేదు. ఎందుకు పోయిందని అడిగితే ఇలాంటివి జరుగుతుంటాయి, మూడు నెలలు ఆగి మళ్లీ ప్రయత్నించండి అన్నారు. డిశ్చార్జి కాగితంలో కూడా అబార్షన్ అని ఒక్క ముక్క రాసి పంపేశారు.

ఇక్కడ నాకు మొదట నచ్చింది డాక్టరు మేడం అడిగిన ప్రశ్నలు. ఎన్నో వారంలో పోయింది? ముందు నొప్పి వచ్చిందా, నీరు పోయిందా, రక్తం కనపడిందా? జ్వరం ఉందా? అంతకుముందు ఎప్పుడైనా డీ అండ్ సీ, అంటే గర్భసంచి లోపల శుభ్రం చేయడం, చేశారా, ముఖద్వారం మీద ఏదైనా ఆపరేషన్ అయిందా? పాత స్కానింగ్ కాగితాలు ఏవి? మా అత్తయ్య సంచిలో అన్నీ దాచి ఉంచారు కాబట్టి సరిపోయింది. మేడం ఒక్కొక్క కాగితం విప్పి, తేదీలు వరసగా పెట్టుకుని చదివారు. మాకు ముందున్న పేషెంటు కోసం మమ్మల్ని బయట ఎంతసేపు కూర్చోబెట్టారో, మా కోసమూ మా వెనకవాళ్లని అంతే సేపు కూర్చోబెట్టి ఉంటారు, బయట వాళ్లకి విసుగొచ్చే ఉంటుంది. నాకు మాత్రం ఎవరో నా మాట వింటున్నారని అప్పుడే అనిపించింది.

తర్వాత ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ వేసి చెప్పారు. నెలలు నిండేవరకూ సర్విక్స్, అంటే గర్భసంచి ముఖద్వారం, గట్టిగా మూసుకుని, పొడుగ్గా ఉండాలి. కొందరికి అది నొప్పి లేకుండానే కురచబడి, లోపలి వైపు నుంచి తెరుచుకుంటూ వస్తుంది. అలా తెరుచుకున్న చోటికి ఉమ్మనీటి సంచి జారుతుంది. యోనిలో ఉండే క్రిములు ఆ పొరకి తగిలితే ఇన్ఫెక్షన్ వస్తుంది, పొర బలహీనపడి పగులుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఆ మనిషికి తెలియదు, స్కానింగ్‌లో చూస్తేనే తెలుస్తుంది. "నువ్వు బరువులెత్తడం వల్ల పోలేదమ్మా, మిషన్ తొక్కడం వల్ల పోలేదు" అన్నారు. ఆ మాటకి మా అమ్మ అక్కడే ఏడ్చేసింది. అప్పటిదాకా మా చుట్టాల్లో సగం మంది నా కుట్టుమిషన్ మీదే నెపం వేశారు.

వెంటనే కుట్టు వేసేస్తారేమో అనుకున్నాం. వేయలేదు. మూడు సార్లు అలా పోయినవాళ్లకైతే 12 నుంచి 14 వారాల మధ్యే ముందుజాగ్రత్తగా వేస్తారట. నాకు ఒక్కసారే పోయింది కాబట్టి 16వ వారం నుంచి రెండు వారాలకోసారి పొడవు కొలుద్దాం, 24 వారాల లోపు 25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే వేద్దాం అన్నారు. రోజూ రాత్రి యోనిలో పెట్టుకోవడానికి 200 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మందు రాశారు. మా ఆడపడుచు పక్కనుంచి "ఎందుకైనా మంచిది, కుట్టు ఇప్పుడే వేసేయండి మేడం" అంది. అవసరం లేని చోట వేస్తే రక్తస్రావం, ఇన్ఫెక్షన్, పొర పగలడం వంటి ప్రమాదాలు మనమే కొనితెచ్చుకున్నట్టు అవుతుందని చెప్పారు. కవల పిల్లలున్న గర్భంలో సర్విక్స్ పొట్టిగా ఉందన్న ఒక్క కారణానికి కుట్టు వేస్తే మేలు జరిగినట్టు తేలలేదనీ, ఇంతకుముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లకి పొట్టిగా కనపడితే ముందు ప్రొజెస్టెరానే ఇస్తామనీ కూడా అన్నారు. ఆపరేషన్ అంటే చాలు ఎగబడే రోజుల్లో వద్దని ఆపిన డాక్టరు దొరకడం మా అదృష్టం.

స్కానింగ్ గది గురించి విడిగా చెప్పాలి. ఇక్కడ నేను చూసినంత శ్రద్ధ ఇంకెక్కడా చూడలేదు. గది బయట లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు, లోపల ఫారం నింపించుకోవడం అన్ని చోట్లా ఉండేదే. తేడా కొలిచే పద్ధతిలో ఉంది. పొట్ట మీంచి చూసే స్కాన్‌లో సర్విక్స్ పొడవు సరిగ్గా తెలియదు, నిండిన మూత్రాశయం నొక్కితే ఉన్నదానికంటే పొడుగ్గా కనపడుతుందట. అందుకని ముందు బాత్రూంకి వెళ్లి రమ్మంటారు. తర్వాత లోపలి నుంచి చేసే స్కాన్. మొదటిసారి భయపడ్డాను గానీ నొప్పేమీ లేదు, సన్నటి గొట్టానికి కొత్త తొడుగు వేసి, జెల్ రాసి, నెమ్మదిగా పెడతారు. స్కాన్ చేసే డాక్టరమ్మ ఒక్కసారి కొలిచి వదిలేయలేదు. కొన్ని నిమిషాలు అలాగే ఆగి, తెర మీద మారుతుందేమో చూసి, మూడు సార్లు కొలిచి, వాటిలో తక్కువ వచ్చినదే రాశారు. తెర నా వైపు తిప్పి "ఈ గీత చూడమ్మా, ఇదే నీ సర్విక్స్" అని చూపించారు. ప్రతిసారీ ఆవిడే చేశారు. చేతులు మారితే రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, అందుకే నీ స్కాన్ నేనే చేస్తాను అన్నారు.

16వ వారంలో 33 మిల్లీమీటర్లు. తర్వాతిసారి 29. 20వ వారంలో 21 వచ్చింది. పైగా లోపలి వైపు గరాటులా తెరుచుకుని ఉంది. తెర మీద నేనూ చూశాను, ఉమ్మనీరు నల్లగా ఆ సందులోకి దిగి ఉంది. గుండె ఆగినంత పనైంది. మేడం మాత్రం కంగారు పడలేదు. దీని కోసమే కదా చూస్తున్నాం, ముందుగానే దొరికింది అన్నారు. టిఫా స్కాన్ అదే వారంలో ఉంది కాబట్టి ముందు అది చేసి బిడ్డ అవయవాలన్నీ బాగున్నాయని చూసుకున్నారు. మూత్రం కల్చర్‌కి పంపారు, యోని స్రావం పరీక్ష చేశారు, రక్తంలో ఇన్ఫెక్షన్ లేదని నిర్ధారించుకున్నారు. ఇన్ఫెక్షన్ ఉంటే కుట్టు వేయరు. నొప్పులు వస్తున్నా, రక్తం పోతున్నా, ఉమ్మనీరు పోయినా వేయరు. ఈ నాలుగూ మాకు ముందే చెప్పి, ఒప్పుకోలు కాగితంలో తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకున్నారు.

మా అమ్మకి ఒకటే అనుమానం, ఇదేదో కొత్తగా వచ్చిన వైద్యమా అని. మేడం నవ్వి, కొత్తదేం కాదమ్మా, 1955లో మన బొంబాయి డాక్టరు శిరోద్కర్ గారు ఈ కుట్టు గురించి ప్రపంచానికి చెప్పారు, రెండేళ్లకి ఆస్ట్రేలియాలో మెక్‌డొనాల్డ్ అనే ఆయన ఇంకాస్త తేలికైన పద్ధతి చెప్పారు, మీ అమ్మాయికి వేసేది ఆ రెండోది అన్నారు. శిరోద్కర్ పద్ధతిలో మూత్రాశయాన్ని కొద్దిగా పైకి జరిపి, కుట్టు ఇంకా ఎత్తులో వేస్తారట. మెక్‌డొనాల్డ్ పద్ధతిలో అలా కోయక్కర్లేదు, ముఖద్వారం చుట్టూ నాలుగైదు చోట్ల సూది దించి, లంగా నాడా లాగి బిగించినట్టు బిగించి ముడి వేస్తారు. నేను రోజూ చేసే పనే కాబట్టి ఆ మాటతో నాకు పూర్తిగా అర్థమైపోయింది, భయం కూడా సగం పోయింది. దారం ఎలాంటిదో చూపించమని అడిగితే థియేటర్ సిస్టర్ విప్పని ప్యాకెట్ తెచ్చి చూపించింది. దారం కాదు, పలచటి తెల్లటి పట్టీ, రెండు చివర్లా వంకీ సూదులు. అంత వెడల్పు ఎందుకంటే సన్న దారమైతే మెత్తటి కండని కోసుకుపోతుందట.

నడుముకి మత్తు ఇచ్చారు. మత్తు డాక్టరుగారు నాతో మాట్లాడుతూనే ఉన్నారు. అర్ధగంట లోపే అయిపోయింది. ఆ రాత్రి అక్కడే ఉంచి, బిడ్డ గుండె చప్పుడు వినిపించి, మర్నాడు పంపారు. కొద్దిగా రక్తపు మరకలు, పొత్తికడుపులో పట్టినట్టు ఉండటం ఒకటి రెండు రోజులు మామూలే అని ముందే చెప్పారు, అలాగే జరిగింది.

కుట్టు పడ్డాక మంచం దిగకూడదని మా వీధి అంతా చెప్పింది. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. మేడం దానికి అస్సలు ఒప్పుకోలేదు. పూర్తిగా పడుకుంటే గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదనీ, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కండ బలం తగ్గడం, మనసు కుంగడం లాంటి ప్రమాదాలు ఉంటాయనీ చెప్పారు. ఇంట్లో నడువు, వంట చేసుకో, బిందెలు మోయకు, భార్యాభర్తలు దూరంగా ఉండండి అన్నారు. మిషన్ గురించి అడిగాను. ఒకేచోట గంటల తరబడి కూర్చోకుండా, మధ్యలో లేచి తిరుగుతూ హెమ్మింగు, హుక్కులు లాంటి చేతిపని చేసుకోవచ్చన్నారు. ఆ చేతిపనే నన్ను నిలబెట్టింది. ఖాళీగా పడుకుని ఉంటే టెన్షన్‌తోనే పోయేదాన్ని.

నా పక్క మంచం అమ్మాయి సంగతి కూడా చెబితేనే ఈ ఆసుపత్రి ఎలాంటిదో తెలుస్తుంది. నూజివీడు వైపు నుంచి వచ్చింది. 22వ వారం. అప్పటికే ముఖద్వారం తెరుచుకుని ఉమ్మనీటి సంచి బయటికి కనపడుతోంది. వచ్చీ రాగానే థియేటర్‌కి తీసుకెళ్లలేదు. ఒక రాత్రంతా పడుకోబెట్టి, జ్వరం, నాడి, రక్తపరీక్షలు, నొప్పులు అన్నీ గమనించారు. మర్నాడు వాళ్ల అమ్మానాన్నల్నీ భర్తనీ కూర్చోబెట్టి, నాకు వినపడేంత దగ్గరలోనే, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. బల్లని తలవైపు కిందికి వంచి, తడిపిన గాజుగుడ్డతో సంచిని నెమ్మదిగా లోపలికి నెట్టి కుట్టు వేయాలి. ఆ నెట్టేటప్పుడే పగిలిపోవచ్చు. వేసినా కొన్ని రోజులే ఆగొచ్చు, వారాలూ ఆగొచ్చు. ఏ హామీ ఇవ్వలేము. వద్దనుకున్నా తప్పు లేదు, రెండింటిలో ఏది ఎంచుకున్నా మేం మీతోనే ఉంటాం అన్నారు. వాళ్లు వేయమన్నారు. కుట్టు నిలిచింది.

30వ వారంలో ఆ అమ్మాయికి ఉమ్మనీరు పోవడం మొదలైంది. నేను చెకప్‌కి వెళ్లినప్పుడు పై అంతస్తులో కలిసి చెప్పింది. రాగానే ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి నాలుగు ఇచ్చారు. అవి పూర్తయ్యేవరకూ ఆగి కుట్టు తీసేశారు. జ్వరం వచ్చినా, నీరు వాసన వేసినా, బిడ్డ గుండె వేగం పెరిగినా అప్పటిదాకా కూడా ఆగేవాళ్లు కాదట. నొప్పులు మొదలయ్యాక బిడ్డ మెదడు రక్షణ కోసమని మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. బిడ్డ చాలా రోజులు ఎన్ఐసీయూలో ఉండి ఇంటికెళ్లాడు. ఇందుకే చెబుతున్నాను, మనలాంటి వాళ్లు ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు గదిలో ఏసీ ఉందా అని కాదు, అదే మేడలో నెలలు నిండని పిల్లల్ని చూసే ఎన్ఐసీయూ ఉందా, రాత్రిపూట పిల్లల డాక్టరు ఉంటారా అని అడగండి. ఇక్కడ రెండూ ఉన్నాయి.

ఏడో నెలలో నాకూ ఒక రాత్రి బట్టలు తడిశాయి. కుట్టు పడ్డ రోజే ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తారు. ప్యాడ్ పెట్టుకుని, దాన్ని పారేయకుండా అలాగే రమ్మన్నారు. డ్యూటీ డాక్టరు వేళ్లతో పరీక్ష చేయలేదు, అలా చేస్తే క్రిములు పైకి ఎక్కే ప్రమాదం ఉందట. కాసేపు వెల్లకిలా పడుకోబెట్టి, శుభ్రం చేసిన పరికరంతో తెరిచి చూసి, దగ్గమన్నారు. నీరు చేరలేదు. ఒక కాగితం పట్టీ ముంచి చూశారు, ఉమ్మనీరైతే పసుపు రంగు నీలంగా మారుతుంది. మారలేదు. స్కాన్‌లో ఉమ్మనీరు కూడా సరిపడా ఉంది. బిడ్డ తల నొక్కి మూత్రం జారిందని తేల్చారు. ఇంత చిన్నదానికి అర్ధరాత్రి వచ్చావా అని ఒక్కరూ విసుక్కోలేదు. ఇలాంటిది వందసార్లు వచ్చినా రావాలి అన్నారు ఆ డ్యూటీ డాక్టరు.

ఇక నచ్చనివి. ఓపీ టోకెన్ తొమ్మిదికి ఇచ్చి లోపలికి పిలిచేది మధ్యాహ్నం దాటాక. కుట్టు పడినవాళ్లని కూడా అదే వరుసలో, గట్టి కుర్చీల్లో కూర్చోబెడతారు. కనీసం వీళ్లకి ఒక పడక గది ఇవ్వాలి. జనరల్ వార్డులో ఉన్నది నేల బాత్రూమే. అప్పుడే కుట్టు పడ్డ మనిషి గొంతుక్కూర్చోవడం ఎంత కష్టమో కట్టించినవాళ్లు ఆలోచించలేదు. నేను పక్క గది కమోడ్ వాడుకుంటానని ఆయమ్మని బతిమాలాల్సి వచ్చింది. కింద మందుల షాపులో ప్రొజెస్టెరాన్ విడిగా ఇవ్వరు, పూర్తి పెట్టెలే కొనమంటారు. ప్యాకేజీ అని చెప్పిన డబ్బులో కుట్టు పట్టీ, మత్తు డాక్టరు ఫీజు కలిసి లేవు. అన్నీ కలిపి నాకు ముప్పై వేలు దాటింది. బిల్లు దగ్గర ఉన్న కుర్రాడు ఇది ముందే చెప్పి ఉంటే మా ఆయన డిశ్చార్జి రోజున పరుగులు పెట్టేవారు కాదు. ఆ ఒక్క నక్షత్రం వీటికే తగ్గించాను. మేడం దగ్గరా, స్కానింగ్ దగ్గరా తగ్గించడానికి ఏమీ లేదు.

ఇంత పెట్టుకోలేని వాళ్లు భయపడి ఆగిపోకండి. ఈ కుట్టు ప్రభుత్వాసుపత్రుల్లో కూడా వేస్తారు. మా వీధిలో ఒకామెకి గుంటూరు జీజీహెచ్‌లోనే వేశారు, ఆమె బాబు ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. ఎక్కడికి వెళ్లినా వారాలు దాటకముందే వెళ్లాలి, పాత కాగితాలు పట్టుకెళ్లాలి, సర్విక్స్ పొడవు కొలవమని నోరు తెరిచి అడగాలి.

37వ వారం మొదట్లో ఓపీ పక్క గదిలోనే, మత్తు లేకుండా కుట్టు తీశారు. ముడి కత్తిరించి లాగేటప్పుడు చురుక్కుమంది, అంతే. తీసిన మర్నాడే పురుడు వస్తుందనుకుని బట్టలు సర్దుకుని కూర్చున్నాం గానీ పాప ఇంకా వారం పైనే ఆగి, మామూలు కాన్పులో పుట్టింది.

డిశ్చార్జి రోజున ఒక పని తప్పకుండా చేయించుకోండి. మామూలుగా ఇచ్చే సమ్మరీలో కాన్పు, బిడ్డ బరువు, మందులు మాత్రమే రాస్తారు. కుట్టు ఏ వారంలో పడింది, అప్పుడు పొడవు ఎంత, ఏ పద్ధతి, ఎప్పుడు తీశారు, మళ్లీ గర్భం వస్తే ఎన్నో వారంలో రావాలి, ఇవన్నీ రాయించుకోవాలి. నేను అడిగితే సిస్టర్ ఆ కాగితం పట్టుకుని ఓపీ నడుస్తుండగానే మేడం దగ్గరికి వెళ్లి, చేత్తో రాయించి, సంతకం, సీలు వేయించుకుని తెచ్చి ఇచ్చింది.